నెత్తికీ గంపకీ మధ్య

విశాఖపట్నం వెళ్లొచ్చి పదకొండు రోజులైంది. వీధిలో కనిపించిన ప్రతివాళ్లూ "సముద్రం ఎలా ఉంది?" అని అడుగుతున్నారు. సముద్రం బాగానే ఉంది. నాకే ఒళ్లు మండుతోంది. ఈ మంట ఉండగానే రాసేయాలని కూర్చున్నాను. చల్లారిందంటే మళ్లీ మర్యాదగా రాయడం మొదలుపెడతాను.

నేను వెళ్లింది ఒక బొమ్మను చూడటానికి. అక్కడి విశ్వవిద్యాలయం ఆవరణలో ఒక కవితను బట్టి శిల్పం చేయించారు. ఆ కవిత రాసింది మా చిన్నత్త, మా నాన్నగారి చెల్లెలు. పోర్టులో గుమాస్తాగా చేసే మావయ్యతో గుడివాడ నుంచి వెళ్లి ఆ ఊళ్లో ఇరవై ఏళ్లు కాపురం చేసింది. అప్పట్లో రేవులో ఇప్పటిలా యంత్రాలు లేవు. ఇనుపరాయి ఓడలోకి ఎక్కాలంటే ఆడవాళ్ల నెత్తిమీదుగా ఎక్కాల్సిందే. గంపలు మోసే ఆ ఆడవాళ్లు అత్త గుమ్మం ముందు ఆగి మంచినీళ్లు తాగి వెళ్లేవారట. ఒక్కోసారి "పాత చీరుంటే ఇవ్వమ్మా" అనేవారట. కట్టుకోవడానికి కాదు. పేలికలు చేసి గుండ్రంగా మెలిపెట్టి, గంప కింద నెత్తిమీద పెట్టుకునే చుట్టకుదురు కోసం.

అత్త వాళ్ల మీద ఇరవై నాలుగు పంక్తుల కవిత రాసింది. గంప మోసే మనిషే మాట్లాడుతున్నట్టు ఉంటుంది. చివరి నాలుగు పంక్తులు ఆ చుట్టకుదురు గురించి. అది ఒక పత్రికలో వచ్చింది, ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. తరవాత మావయ్య పోయాడు, అత్త పోయింది. వాళ్లకు పిల్లలు లేరు. అత్త నోటుపుస్తకాలు మూడు నా ట్రంకుపెట్టెలో ఉన్నాయి. ఆ కవిత ఉన్న పేజీ అంచున పెన్సిలుతో అత్త రాసుకున్న మాట ఒకటుంది: "మిగతా ఇరవై పంక్తులూ ఈ నాలుగింటికి దారి."

పాత పత్రికల్లో ఈ కవిత చూసిన ప్రొఫెసర్ గారొకాయన శిల్పం సంగతి మా నాన్నగారికి ఉత్తరం రాశారు. ఆవిష్కరణ రోజున కవయిత్రి కుటుంబం నుంచి ఎవరైనా వచ్చి కవిత చదివితే బాగుంటుందన్నారు. నాన్నగారికి ఉబ్బసం. అమ్మ పేపరు కూడా చదవదు. మిగిలింది నేను.

నా సంగతి కూడా చెప్పాలి. కాలేజీలో హాజరు పిలిచేటప్పుడు నేను పలికింది వినపడక, క్లాసులో ఉండగానే గైర్హాజరు పడినదాన్ని. నలుగురు ఉన్నచోట నా గొంతు నాకే వినపడదు. అయినా వెళ్తానన్నాను. ఆ నాలుగు పంక్తులు ఆ ఊళ్లో, పదిమంది ముందు, ఒక్కసారి పైకి వినిపించాలి. అందుకోసమే ఒప్పుకున్నాను. తోడు మా బాబాయి బయల్దేరాడు.

వాల్తేరు స్టేషన్

పొద్దున్నే దిగాం. గాలిలో రెండు వాసనలు కలిసి వస్తాయి, ఒకటి చేపలది, ఇంకొకటి తడిసిన ఇనుముది. రేవువైపు నుంచి వచ్చే ఎర్రటి దుమ్ము కిటికీ చువ్వల మీద, టీ కొట్టు బల్లల మీద, అందరి కాలర్ల మీద ఉంది. బాబాయి తెల్ల పంచె కట్టుకుని వచ్చినందుకు స్టేషన్ దాటకముందే విచారించాడు. టీ అర్ధరూపాయి. మన వైపు టీలో పాలు ఎక్కువ, ఇక్కడ డికాషన్ ఎక్కువ.

రిక్షా అతను మూడు రూపాయలు అడిగాడు.

"యూనివర్సిటీకేటి బాబూ? ఎక్కండెక్కండి. గట్టు వచ్చినకాడ దిగి నడవాల మరి."

మా గుడివాడలో నేల పళ్లెంలా ఉంటుంది. రిక్షా ఎక్కినవాడు దిగేది ఇంటి ముందే. ఇక్కడ ఊరంతా ఎత్తుపల్లాలు. రెండు చోట్ల దిగి రిక్షా వెనక నడిచాం. బాబాయి ఊరుకోలేదు.

"మూడు రూపాయలిచ్చి మేం నడవడమేమిటయ్యా?"

"దిగుడులో నాను తొక్కను కదా బాబూ. మీరూ కూకుంటారు, నానూ కూకుంటాను. సరికి సరి," అన్నాడతను వెనక్కి తిరక్కుండానే.

నాకు నవ్వొచ్చింది. ఆ ప్రయాణంలో నేను హాయిగా నవ్విన నవ్వు అదే.

గోనెపట్టా వెనక

మాకిచ్చిన గది కిటికీలోంచి సముద్రం కనిపించింది. భోజనంలో ఆవపెట్టిన కూర వేశారు. మన వైపు ఆవ ఆవకాయలోనే. ఇక్కడ పచ్చి ఆవముద్ద నూరి కూరలో కలుపుతారు, ముక్కుకు ఎక్కుతుంది. తిన్నాక బాబాయి పడుకున్నాడు. నేను డైరీ పట్టుకుని బొమ్మను వెతుక్కుంటూ వెళ్లాను.

దారి మలుపులో, సముద్రానికి ఎదురుగా, ఎత్తైన దిమ్మ మీద ఏదో నిలబడి ఉంది. పైనుంచి కిందిదాకా గోనెపట్టాలు కప్పి తాడు చుట్టారు. చుట్టూ నలుగురైదుగురు ఆడకూలీలు కంకర పోస్తున్నారు. వాళ్లలో పెద్దావిడ నన్ను చూసి నడుం ఎత్తింది. పేరు పైడమ్మ అని తరవాత చెప్పింది. నలభై దాటి ఉంటాయి. చెవికి బరువైన కమ్మలు, మోకాళ్లదాకా సిమెంటు.

"ఎవురమ్మా? ముసుగు రేపుగానీ తియ్యరు."

"ఊరికే... చూద్దామని."

"ఏటి? గట్టిగా సెప్పు. ఏ ఊరు?"

"గుడివాడ."

"ఓలమ్మ! అంత దూరం నుండి దీనికోసం వచ్చినావేటి? ఒలే సూరమ్మా, ఇదిగో ఈ పాప మన బొమ్మని సూడ్డానికి రైలెక్కి వచ్చిందట!"

అందరూ నవ్వారు. నేను వెనక్కి తిరగబోయాను. పైడమ్మ గబగబా ముడి విప్పి ఒక పట్టా పైకెత్తి పట్టుకుంది. "బేగి సూడు. మేస్త్రీ వచ్చీసినాడంటే నన్ను తిడతాడు."

చూశాను. సిమెంటుతో చేసిన ఆడమనిషి, నాకు రెండింతలుంటుంది. నెత్తిమీద గంప. ఒక చెయ్యి గంప అంచు మీద, ఇంకో చెయ్యి నడుం మీద. నడుం పక్కకు వంపు తిరిగి, తల ఆ వంపుకు తగ్గట్టు భుజం మీదికి వాలి ఉంది. తడిసిన చీర ఒంటికి అంటుకున్నట్టు మడతలు. కొప్పులో పువ్వు. ముఖంలో చిన్న నవ్వు. పనితనం గొప్పదే, కాదనను. కాని చూస్తున్నకొద్దీ లోపల ఏదో తేడా కొట్టింది. ఏమిటో తెలియలేదు.

"ఎలాగుందేటి?" అంది పైడమ్మ.

"బాగుంది. కాని ఏదో..."

"ఏదో ఏటి? నువ్వెప్పుడూ మొయ్యలేదు, నీకు తెల్దు. సూడిలాగ." పట్టా సూరమ్మకు అందించి, కంకర తట్ట ఒక్క ఊపున నెత్తికెత్తుకుంది. మెడ నిట్టనిలువుగా నిలిచింది. తట్టకూ నెత్తికీ మధ్య నీలం పేలికల చుట్టకుదురు. "బుర్ర ఆ బొమ్మలాగ వొంపుకుంటే గంప ఏటవుద్ది? ఎవుడి కాలి మీదో పడద్ది. పోనీలే, అది సోకుగత్తె, వొంపుకుంది. సుట్టకుదురేదీ? ఇనపరాయి గంప ఉత్తి బుర్ర మీద పెట్టీసినాడు. జాముసేపట్లో మాడు కాలిపోద్ది."

అప్పుడు తెలిసింది ఆ తేడా ఏమిటో. అత్త కవితలో దేనికోసం మిగతాదంతా ఉందో, అది ఈ బొమ్మలో లేదు.

"మూడ్నెల్లు ఈ బొమ్మకి సిమెంటు మోసినాం," అంది పైడమ్మ తట్ట దించుతూ. "ఆ పరంజీ మీదకి ఎక్కి, దిగి. బొమ్మ సేసే బాబుకి నానే సెప్పినాను, 'బాబూ, సుట్టకుదురు మర్సిపోనావు' అని. ఏటన్నాడో తెల్సా? 'ఇది నీ బొమ్మ కాదులే, కళ' అన్నాడు. అందరూ నవ్వీసినారు. నానూ నవ్వీసినాను. ఏటి సేత్తాం?"

ఆమె బొమ్మ కాకపోతే మరి ఎవరి బొమ్మ?

ఈ కవిత మా అత్తదని చెప్పాను. పైడమ్మ నమ్మలేదు. డైరీలో రాసుకున్నది చదివి వినిపించమంది. నేను కంకర కుప్ప మీద కూర్చుని, ఐదుగురు కూలీల ముందు ఇరవై నాలుగు పంక్తులూ చదివాను. నా గొంతు అక్కడ వినపడింది.

"ఆ కడాకరి మాట మళ్లీ సదువు," అంది పైడమ్మ. చదివాను. "మరోపాలి." మళ్లీ చదివాను. పెదాలు కదుపుతూ వింది. తరవాత నెత్తి మీది కుదురు తీసి చేతిలో తిప్పుకుంది. "మీ అత్త మంచిదే. ఎరిక ఉన్న మనిషి. మాలో ఒకరి సుట్టకుదురు ఒకరికి ఇవ్వం, తెల్సా? గిన్నె ఇత్తాం, తట్ట ఇత్తాం, సంటిపిల్లని కూడా సూసుకోమని ఇచ్చీసి పోతాం. ఇది ఇవ్వం. ఎవుల బుర్రకి తగ్గట్టు ఆళ్లదే అయిపోద్ది. రేపు సభలో సదువుతావేటి?"

"చదువుతాను."

"గట్టిగా సదువు. నాను వెనకాల ఉంటాను. కుర్సీలు ఎత్తడానికి మమ్మల్ని ఉండమన్నారు."

ఎర్ర సిరా

సాయంత్రం ప్రొఫెసర్ గారు మమ్మల్ని తన గదికి పిలిచారు. ఆయన మంచివారే. బాబాయికి కుర్చీ వేయించారు, నాకు బిస్కెట్లు పెట్టించారు. శిల్పి కూడా అక్కడే ఉన్నాడు, సన్నటి మనిషి, చేతివేళ్లకు ఆరిపోయిన సున్నం. మర్నాడు నేను చదవాల్సిన కాగితం టైపు చేయించి ఉంచారు. చివరి నాలుగు పంక్తుల మీద ఎర్ర సిరాతో అడ్డంగా గీత.

"చిన్న సవరణ అమ్మా," అన్నారు ప్రొఫెసర్ గారు. "'ఓడ కదిలింది, నా నీడ నీళ్లలో ఊగింది' దగ్గర ఆపేద్దాం. ఎంత అందమైన ముగింపో చూడు. ఆ తరవాతి నాలుగూ కొంచెం మోటుగా ఉన్నాయి."

నేను ఏదో అన్నాను. ఎవరికీ వినపడలేదు. గొంతు సవరించుకుని మళ్లీ అన్నాను. "మరి... కుదురు..."

దానికి శిల్పి జవాబిచ్చాడు. "మట్టి నమూనాలో పెట్టి చూశానండి. మెడకీ గంపకీ మధ్య ముద్దలా కనపడింది. రేఖ తెగిపోయింది. తీసేశాను."

"అందుకే ఈ పంక్తులు కూడా వద్దనుకున్నాం," అన్నారు ప్రొఫెసర్ గారు. "చదివితే సభలో ప్రతివాడూ బొమ్మ నెత్తివైపు చూస్తాడు. లేని లోపం మనమే చూపించినట్టవుతుంది. శిలాఫలకం మీద కూడా ఇరవై పంక్తులే చెక్కించాం. ఏమంటారు?"

"మరే, మరే," అన్నాడు బాబాయి బిస్కెట్టు తింటూ.

కవితను బట్టి బొమ్మ చేశారు. బొమ్మకు సరిపోలేదని ఇప్పుడు కవితను కోస్తున్నారు. జాకెట్టు బిగుతైందని చెయ్యి కోసుకోమన్నట్టుంది. రాతి మీద చెక్కించేశాక నన్ను అడగడమెందుకు? ఇవన్నీ నాకు అక్కడే, ఆ కుర్చీలోనే తోచాయి. నా నోటివెంట మాత్రం ఒక్క మాటే వచ్చింది.

"సరేనండి."

గదికి వచ్చి డైరీలో 'సరేనండి' అని రాసి, దాని కింద గీత గీశాను. మళ్లీ గీశాను. మూడోసారి కాగితం చిరిగింది.

రేవు

మర్నాడు సభ నాలుగింటికి. పొద్దున్న మద్దిలపాలెం నుంచి బస్సెక్కి అత్త ఉన్న ఇంటిని చూడ్డానికి వెళ్లాం. పక్క బస్సు కండక్టరు "కూర్మన్నపాలెం, కూర్మన్నపాలెం" అని తలుపు బాదుతున్నాడు. దాన్నిండా ఒళ్లో ఇనపటోపీలు పెట్టుకున్న మనుషులు. అక్కడ ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్నారు. వాళ్లలో సగం మంది మాటలు మా జిల్లావే. "ఒరే, పప్పులో నెయ్యి ఏదిరా ఈ ఊళ్లో" అని ఒకడు అంటుంటే బాబాయి కిటికీలోంచి పలకరించి రెండు నిమిషాల్లో చుట్టరికం కలిపేశాడు. నాకు బాబాయి అంటే అసూయ. ఆయన గొంతు ఎక్కడైనా పనిచేస్తుంది.

అత్త ఇల్లు లేదు. ఆ వరసంతా కొట్టేసి గోదాము కట్టారు. గేటు దగ్గర కాపలా మనిషి లోపలికి పోనివ్వలేదు. గోడ ఇవతల నుంచి చూశాం. ఎర్రటి రాయి పొడవాటి బెల్టు మీద తనంతట తానే పోయి ఓడలో పడుతోంది. కనుచూపు మేరలో ఒక్క మనిషి లేడు. ఇన్ని నెత్తులు మోసిన చోట గుర్తుగా ఒక్క రాయి కూడా లేదు. గుర్తు పెట్టాలనుకున్నవాళ్లు పెట్టింది ఎక్కడో మైళ్ల దూరంలో, కొండ మీద, పువ్వు పెట్టుకున్న బొమ్మ.

బీచికి వచ్చాం. మురీ మిక్చర్ పొట్లం పావలా. మన మరమరాలే, కాని ఉల్లి, నిమ్మరసం, పచ్చిమిర్చి కలిపి కళ్లలో నీళ్లు తెప్పిస్తారు. తింటూ నీళ్ల అంచున నిలబడ్డాను. అల వచ్చి ఎడమకాలి చెప్పు లాక్కుపోయింది. ఇంకో అల తెచ్చిస్తుందని బాబాయి పావుగంట కాపలా కాశాడు. తేలేదు. సభకు కట్టుకుందామని తెచ్చుకున్న మంగళగిరి చీర మీదికి నీలం రబ్బరు చెప్పులు కొనుక్కోవాల్సి వచ్చింది. నడిస్తే కిచకిచమనేవి. సభలో నడవాలంటే ఆ చప్పుడే నా భయం. చదవడం గురించి భయం లేదు, వినిపించాలనుకున్న ఆ నాలుగు పంక్తులూ మిగల్లేదు కదా.

మైకు ముందు

నాలుగున్నరకు ముసుగు తీశారు. చప్పట్లు మోగాయి. ముఖ్య అతిథి శ్రామిక సౌందర్యం గురించి అరగంట మాట్లాడారు. చెమటలోని అందం అన్నారు, బరువులోని లయ అన్నారు. ఆయన జేబురుమాలుతో మూడుసార్లు ముఖం తుడుచుకున్నారు. దిమ్మకు అమర్చిన నల్లరాతి పలక మీద అత్త పేరు, ఇరవై పంక్తులు. చివర్లో 'ఊగింది' తరవాత చుక్క పెట్టారు. అత్త అక్కడ చుక్క పెట్టలేదు.

కుర్చీల వరసల వెనక, కంకర అంచున, కూలీలు గొంతుకూర్చుని ఉన్నారు.

నా పేరు పిలిచారు. కిచకిచమంటూ వెళ్లాను. చదివాను. 'ఓడ కదిలింది, నా నీడ నీళ్లలో ఊగింది.' ఎర్రగీత కనపడింది. ఆగిపోయాను. రెండు క్షణాలు. తరవాత "నమస్కారం" అన్నాను.

చప్పట్లు. మెట్టు మీద కాలు పెట్టాను.

"పాపా! అయిపోనాదేటి?"

వెనక నుంచి, కుర్చీలన్నిటి మీదుగా. పైడమ్మ లేచి నిలబడి ఉంది.

"మెత్తని సోటు మాట సదవలేదేటి? నిన్న సదివినావు కదా, మూడు పాలు సదివినావు! మర్సిపోనావేటి?"

ముందు వరసలో నవ్వు మొదలైంది. అది వేదిక మీదికి పాకింది. ముఖ్య అతిథి నవ్వారు. శిల్పి తల దించుకుని నవ్వాడు. "కూర్చోవమ్మా, కూర్చో," అన్నారు ప్రొఫెసర్ గారు నవ్వుతూనే. ఒకాయన పక్కాయనతో, "వీళ్లను సభలోకి ఎవరు రానిచ్చారండీ?" అన్నాడు. మేస్త్రీ ఎక్కడి నుంచో పరుగెత్తుకొచ్చి ఆమె చెయ్యి పట్టుకుని, "పదవే, పద" అంటున్నాడు.

పైడమ్మ కూడా నవ్వేస్తుందేమో అనుకున్నాను, శిల్పి దగ్గర నవ్వేసినట్టు. ఆమె నవ్వలేదు. నావైపే చూస్తోంది. నేను మరిచిపోయానని నిజంగానే అనుకుంది. నేను మరిచిపోలేదు. భయపడి మింగేశాను. ఆ తేడా ఆమెకు తెలియకపోవడం నాకు ఎర్ర సిరా కంటే ఎక్కువ మంట పుట్టించింది.

వెనక్కి తిరిగాను. వందన సమర్పణ చేసే ఆయన అప్పటికే మైకు పట్టుకున్నాడు. నేను మైకు అడగలేదు. వేదిక అంచున నిలబడి, కాగితం మడిచి, ఆ నాలుగు పంక్తులూ చెప్పాను. అరిచాననే అనాలి. మొదటి పంక్తి గీరుకుపోయింది. రెండో పంక్తికి నవ్వు ఆగింది. మూడు, నాలుగు పంక్తులు అన్నప్పుడు అది నా గొంతని నేను గుర్తుపట్టలేదు.

ప్రొఫెసర్ గారు చెప్పింది అక్షరాలా జరిగింది. సభలో ప్రతివాడూ బొమ్మ నెత్తివైపు చూశాడు.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. వందన సమర్పణలో అందరి పేర్లూ వచ్చాయి, నాది రాలేదు. టీ దగ్గర మా పక్కన ఎవరూ నిలబడలేదు. బాబాయి తాగకుండానే కప్పు బల్ల మీద పెట్టేశాడు.

"పుట్టి ఇన్నేళ్లు నోరు తెరవనిదానివి, ఇవాళే తెరవాలా అమ్మడూ?" అన్నాడు. తరవాత నావైపు చూడకుండా, "అవి అక్క రాసినవేనా?" అని అడిగాడు.

"అవును బాబాయ్."

"అలాగే మాట్లాడేది," అన్నాడు.

మద్దిలపాలెం కూడలి

మూడోరోజు పొద్దున్న బండి పదింటికి. ఒకసారి పైడమ్మను చూసి వద్దామని బొమ్మ దగ్గరికి వెళ్లాను. సూరమ్మ ఒక్కతే కంకర సర్దుతోంది.

"పైడమ్మని రావద్దన్నాడు మేస్త్రీ. ఈ పనిలోకి ఇంకెప్పుడూ రావద్దన్నాడు," అంది. "మద్దిలపాలెం కాడ నిలబడుంటాది, ఎవులైనా పిలుస్తారేమోనని."

ఒక పూట అవమానం నాకు, పని పోవడం ఆమెకు. కవిత కోసం నాకంటే ముందు నోరు తెరిచింది ఆమె. నా పేరు వందన సమర్పణలో రాలేదని రాత్రి నేను డైరీలో ఒక పేజీ రాసుకున్నాను. ఆ పేజీ చింపేశాను.

రిక్షాలో సామాను వేసుకుని కూడలిలో దిగాం. బస్సు డిపో గోడ పక్కన కూలీలు తట్టలు బోర్లించి కూర్చున్నారు. పైడమ్మ అంబలి తాగుతోంది. నన్ను చూసి గిన్నె పక్కన పెట్టింది.

"ఓలమ్మ, గొంతు బాగుందే నీది! దాసుకున్నావేటి ఇన్నాళ్లూ?"

"నావల్ల నీ పని పోయింది," అన్నాను. ఏడుపొచ్చింది.

"నీ వల్లేటి? నా నోరు ఊరుకోదు. పనికేటి, ఇక్కడ కాపోతే ఇనుం ఫేక్టరీ కాడ. కూర్మన్నపాలెం లారీ వత్తాది." మేస్త్రీని ఒక మాట అంది. అది రాయను. చుట్టూ ఉన్నవాళ్లు పకపకా నవ్వారు. "నువ్వు ఏడవకు గుంటా. మొత్తానికి సదివినావు. ఆళ్ల మొకాలు సూసినాను నాను."

ఏం ఇవ్వాలో తెలియలేదు. పెట్టె తెరిచి సభకు కట్టుకున్న మంగళగిరి చీర తీశాను. "కుదురుకి," అన్నాను. బాబాయి ఉలిక్కిపడ్డాడు, మొన్న పండక్కి ఆయన కొనిపెట్టిందే. పైడమ్మ చీర అంచు వేళ్లతో నలిపి చూసి నా పెట్టెలో తిరిగి పెట్టేసింది.

"కొత్తది పనికిరాదు. గట్టిగుంటాది, బుర్ర నొప్పెడతాది. పాతది లేదేటి? బాగా ఉతికీసింది?"

అడుగున ఇంట్లో కట్టుకునే వెలిసిపోయిన ఆకుపచ్చ చీర ఉంది, మోకాలి దగ్గర చిరుగు. అది తీసుకుంది. చిరుగు దగ్గర నుంచే చించింది. రెండు ముక్కలు పక్కనున్నవాళ్లకు విసిరి, మిగిలింది తాడులా మెలిపెట్టి, గుండ్రంగా చుట్టి, కొసలు లోపలికి దోపింది. నెత్తిమీద పెట్టుకుని తల అటూ ఇటూ తిప్పింది.

"సరిపోనాది," అంది.

లారీ వచ్చింది. వెనక ఎక్కి, తట్ట చంకన పెట్టుకుని, ఆ ఆకుపచ్చ కుదురు తీయకుండానే వెళ్లిపోయింది.

అత్త కూడా ఇలాగే పాత చీరలు ఇచ్చేది కదా అని రైల్లో బాబాయి అన్నాడు. నేను కిటికీవైపు తిరిగి కూర్చున్నాను. తుని దాటినా కోపం తగ్గలేదు. ఇప్పటికీ తగ్గలేదు.

చూడనివాళ్ల కోసం

మీలో ఎవరైనా ఆ ఊరు వెళితే బొమ్మను తప్పకుండా చూస్తారు. దారి మలుపులోనే ఉంటుంది, అందంగా ఉంటుంది, ఎదురుగా సముద్రం. పక్కన కంకర పోసిన దారి ఉంటుంది. అది ఎవరు పోశారో ఇప్పుడు మీకు తెలుసు. నెత్తికీ గంపకీ మధ్య చోటుందేమో చూడండి. ఉండదు. రెండూ కలిపి ఒకే ముద్దగా పోతపోశారు, వేలు కూడా దూరదు. ఇక అక్కడ ఎవరూ ఏదీ పెట్టలేరు. నల్లరాతి మీది ఇరవై పంక్తులూ చదవండి. చివరి చుక్క దగ్గర ఆగకండి. మిగతా నాలుగూ ఇక్కడ రాస్తున్నాను. అక్కడ నిలబడి పైకి చదవండి. గట్టిగా చదవండి, పక్కన ఎవరు పని చేస్తున్నా వాళ్లకు వినపడేటట్టు.

పాత చీర చింపి చుట్టిన కుదురు,
ఓడకూ నా నెత్తికీ నడుమ
నాకంటూ మిగిలిన మెత్తని చోటు ఇదొక్కటి.
దీన్ని కూడా ఓడకెత్తమనకు మేస్త్రీ.